దగ్గు గది పెట్టె

డబ్బాలక్క కఫం డబ్బీ మూత బిగించి, తలకిందులు చేసి, దూది మీద ఓసారి ఆనించి చూసింది. తడి అంటలేదు. మూత చుట్టూ టేపు చుట్టి, డబ్బీని దూదిలో పొదిగి, జిప్పు సంచిలో పెట్టి గాలి పిండేసింది. అలాంటి సంచులన్నీ థర్మాకోలు పెట్టెలోకి చేరాలి. ఆస్పత్రికి రాకముందు ఆమె కోళ్ళఫారంలో గుడ్లు సర్దేది. ఇక్కడ ఈ పని ఎవరూ నేర్పలేదు. గోడ మీది బొమ్మ చూసి, డబ్బీలో నీళ్ళు నింపి మెట్ల మీద నుంచి దొర్లించి, కారని కిటుకు తనే పట్టుకుంది.

"గుడ్డు పగిలితే షావుకారు తిడతాడు. ఇది పగిలితే తిట్టడానికి ఎవరూ మిగలరు" అంటుంది.

ఇవాళ్టి డబ్బీల్లో ఒకటి ఆమె తోటికోడలిది. పాపం, నెలల తరబడి టీబీ మందులు మింగుతున్నా మనిషి పుల్లలా అయిపోతోంది. అది మందులకు లొంగని రకమేమో పెద్ద ల్యాబులో తేలాలి. తేలితేగానీ మందు మార్చరు. పొద్దున పెరట్లో కూర్చుని ఆ కాస్త కఫం తీయడానికి ఆమె మెలికలు తిరిగిపోయింది.

"అక్కా, ఇంకోసారి అడిగితే ప్రాణం వస్తుందేమో గానీ కఫం రాదు" అని నవ్వింది.

చల్లదనం పోతే కఫంలో వేరే క్రిములు పెరిగి పరీక్ష చెడిపోతుంది. పెట్టె ఈ పూటే బయలుదేరాలి.

ఆ వసారాలో వరసగా మూడు గదులు, టీబీకొకటి, హెచ్‌ఐవీకొకటి, మలేరియాకొకటి. జనం నోట్లో అవి దగ్గు గది, రక్తం గది, దోమల గది. మూడింటికీ ఏయే దేశాల నుంచో డబ్బు విడివిడిగా వస్తుంది. ఫ్రిజ్జులు వేరు, బళ్ళు వేరు. పోవడం మాత్రం ఒకే ల్యాబుకి, ఒకే గేటులోంచి. తోటికోడలికి టీబీ, హెచ్‌ఐవీ రెండూ ఉన్నాయి. ఈ గది మందు ఆ గది మందు బలాన్ని తినేస్తుందేమోనని అడగబోతే, రెండు చోట్లా ఒకటే జవాబు: "పక్క గదిలో అడుగమ్మా." మధ్యలో గోడ జానెడు మందం లేదు.

ఆ మూడు గదులనూ కలిపి నడిపించడం ఎలాగో తేల్చడానికి ఇవాళ మేడ మీద సమావేశం. విదేశాల నుంచి పెద్దలొస్తున్నారని, వాళ్ళను తీసుకొచ్చి మళ్ళీ దిగబెట్టడానికి దగ్గు గది బండిని ఇచ్చేశారు. అది మళ్ళీ చేతికొచ్చేది రేపే. రక్తం గది బండి మాత్రం ల్యాబుకి బయలుదేరడానికి కింద సిద్ధంగా ఉంది.

"తమ్ముడూ, ఈ పెట్టె కూడా ఎక్కించుకుపో" అంది డ్రైవరుతో.

"రక్తం బండిలో దగ్గు ఎక్కకూడదంట అక్కా."

"నీ పక్కన కూర్చోబెట్టమన్నానా? వెనకాల పెట్టమన్నాను."

"మా సారు చేత ఒక్క మాట అనిపించు. నెత్తిన పెట్టుకుని పోతా."

కనీసం ఐసైనా సర్దుదామని ఫ్రిజ్జు తెరిస్తే ఖాళీ. వాచ్‌మన్ తల గోక్కున్నాడు.

"పైన నీళ్ళ సీసాలు చల్లబడలేదని పట్టుకుపోయారక్కా."

ఆ ప్యాకుల మధ్య తాగే నీళ్ళా అని రోత పుట్టి, ఆమె గబగబా మెట్లెక్కింది. ఆ ఐసు ప్యాకులు కఫం పెట్టెల్లో ల్యాబుకి పోయి తిరిగొచ్చేవి.

పైన హాల్లో సమన్వయం అని గోడంత బ్యానరు. రక్తం గది సారు మాట్లాడుతున్నాడు. "ఈ జబ్బులు ఒక తల్లి బిడ్డలు. ఒకదాన్ని వదిలి ఇంకోదానికి మందేస్తే మందులే మొద్దుబారిపోతాయి." చప్పట్లు. మాట బాగానే ఉందనుకుంది డబ్బాలక్క. సారు సీసా ఎత్తి గటగటా తాగాడు. మూలనున్న టబ్బులో సీసాల మధ్య తన నీలం ప్యాకులు తేలుతున్నాయి. ఆమె చేతులకు గ్లౌజులు తొడుక్కుని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు సారు.

"మా ఐసు ప్యాకులు సార్. కఫం పెట్టెల్లో పెట్టేవి."

"ఏ కఫం?"

"పక్క గదిది సార్."

"కడుగుతారుగా?"

"తుడుస్తాం సార్."

సీసాలు ఒకటొకటిగా బల్లల మీదికి దిగాయి. సారు జేబురుమాలుతో పెదాలు తుడుచుకుని, ఆ రుమాలునే పారేశాడు. ఏళ్ళ తరబడి గోడకవతల దగ్గు వినబడుతుంటే చిట్లని ముఖాలు, ఒక్క గుక్కకి ఆముదం తాగినట్టయ్యాయి. డబ్బాలక్కకు ఐసు మీదున్న రోత కాస్తా ఆ ముఖాల మీదికి మళ్ళింది.

"ముందు వాటిని ఇక్కడి నుంచి తీసెయ్. ఆ పెట్టెలు కూడా పంపించెయ్" అన్నాడు సారు.

"ఎందులో సార్? మా బండిని వీళ్ళ కోసమే ఇచ్చేశారు."

"మా బండి ఉందిగా, అందులో వేసెయ్."

"ఇవి కరిగిపోయాయి సార్. మీ ఫ్రిజ్జులో ఐసు కావాలి."

"తీసుకో. ఏం కావాలో తీసుకో."

"ఆ మాటే కిటికీలోంచి డ్రైవరుకి చెప్పండి సార్."

సారు చెప్పాడు.

కిందికొచ్చి, రక్తం గది ఐసును పెట్టె అడుగున, పక్కల, పైన పేర్చింది. తోటికోడలి డబ్బీని మధ్యలో ఉంచింది. మూత పెట్టి, టేపు వేసి, ఊపి చూసింది. లోపల ఏదీ కదల్లేదు.

"సారు చేత ఎట్లా అనిపించావక్కా? మూడు చెరువుల నీళ్ళు తాగించావా?"

"ఒక్క గుక్కే. బాణం గుర్తు పైకి రావాలి, చూసి పట్టుకో."

డ్రైవరు పెట్టెను రెండు చేతులా అందుకుని, రక్తం పెట్టె పక్కనే ఆనించి తలుపు వేశాడు.