తడిచేతి బాబాయ్

తడిచేతి బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎదురుపడ్డ ప్రతి మనిషికీ షేక్‌హ్యాండ్ ఇవ్వాలి. ఇస్తే ఇచ్చాడు, ఆ చెయ్యి ఎండాకాలమైనా చలికాలమైనా తడితడిగా ఉండేది. పాత పటాలు భద్రపరిచే ఆ ఆఫీసులో ఆయన ఇరవై మూడేళ్ళుగా అటెండరు. ఆయన్ని తప్పించుకోవడానికి గుమస్తాలందరూ అవసరం ఉన్నా లేకపోయినా రెండు చేతులా ఫైళ్ళు మోసుకుంటూ తిరిగేవారు. చూసినవాళ్ళు, అబ్బో, ఎంత పనిమంతులో అనుకునేవారు.

చెయ్యి కలిపి ఊరుకుంటాడా? వెంటనే పాఠం.

“ఒంట్లో చెమట గ్రంథులు ఎన్నున్నాయనుకున్నారు? ఇరవై లక్షలకు తక్కువుండవు!”

“మరి మీకెన్ని బాబాయ్?”

“నాకు పోసేటప్పుడు దేవుడు లెక్క మరిచిపోయాడు.”

ఆ ఆఫీసుకి ఒకరోజు ఇంటర్వ్యూకి ఒక అమ్మాయి వచ్చింది. చిరిగిన పటాలు అతికే ఉద్యోగం. అప్పటికే నాలుగు చోట్ల ఉద్యోగం చేజారిపోయింది, అన్నిచోట్లా అరచేతుల చెమటే కొంప ముంచింది. ఒకచోటైతే దరఖాస్తు మీద సంతకం మొత్తం అలుక్కుపోయింది. ఇదీ పోతే మామయ్య సిమెంటు కొట్టులో కూర్చోవాల్సిందేనని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది. తడిచేతులదానికి పాత పటాలు ఎవరిస్తారు? తెచ్చుకున్న రెండు జేబురుమాళ్ళూ అప్పటికే పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి.

“ఫ్యాను కింద కూర్చున్నా చెమటేనా అమ్మా?” అన్నాడు బాబాయ్.

“అవునండీ. ఎండ కూడా లేదు.”

“ఎండతో పనేముంది? ఒంటి చెమట వేడికి పడుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. అరచేతుల్లో, అరికాళ్ళలో గ్రంథులు కిక్కిరిసి ఉంటాయి. అవి వేడి కన్నా మనసు మాటే ఎక్కువ వింటాయి. చంకల్లో ఇంకో రకం ఉన్నాయి, వాటి సంగతి భోజనం తర్వాత చెబుతాను. పెదవులకి మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. వాటిని నమ్ముకుని లోపలికి వెళ్ళు.”

అంటూనే ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేశాడు. ఉన్న తడి చాలదన్నట్టు ఆయన తడి కూడా తోడైంది. ఆ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

లోపల పెద్దాఫీసరమ్మ చెయ్యి కలిపి ఫక్కున నవ్వింది. “మా బాబాయ్‌కి దొరికిపోయారా? ఇదిగో తువ్వాలు, తుడుచుకోండి!” గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ అమ్మాయికీ నవ్వొచ్చింది. చిరిగిన పటం ఒకటి ముందుపెట్టి అతకమన్నారు. చేతులు ఎప్పుడు ఆరిపోయాయో ఆమెకే తెలీలేదు. ఉద్యోగం వచ్చింది.

మూడో నెలలో కవర్లు అంటించడానికి తడి కావలసి బాబాయ్ బల్ల సొరుగు లాగింది. లోపల చిన్న స్టీలు గిన్నె, అందులో నీళ్ళలో నానుతున్న స్పాంజి. అప్పుడే వచ్చిన బాబాయ్ చెయ్యి పట్టుకు చూస్తే అట్టముక్కలా పొడిగా ఉంది.

“బాబాయ్ గారూ! మీ చెయ్యి...”

“ష్! ఇరవై మూడేళ్ళ పరువు తీయకు.”

“ఎందుకండీ ఇదంతా?”

“ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళ చేతులు తడుస్తాయమ్మా. ఆ తడి నాదని లోపలివాళ్ళు అనుకుంటే వీళ్ళ గుండె కుదుటపడుతుంది. ఆ తర్వాత చెమట దానంతటదే ఆరుతుంది.”

“మరి గుమస్తాల్ని ఎందుకు తడపడం?”

“రోజూ వాళ్ళని తడపకపోతే నా చెయ్యి తడిదని ఎవరు నమ్ముతారు?”

ఆ రోజు నుంచి ఆఫీసు మొత్తంలో ఆమె ఒక్కతే బాబాయ్‌కి ఎదురెళ్ళి మరీ చెయ్యి ఇచ్చేది. ఆయన మీద ఆమెకి అంత ప్రేమ పుట్టుకొచ్చింది.

బాబాయ్ రిటైరయ్యే రోజు అందరూ ఆ ఇంటర్వ్యూ జరిగిన గదిలోనే చేరి, నాలుగు మాటలు మాట్లాడమని ఆయన్ని పిలిచారు. బాబాయ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆమె వెళ్ళి చెయ్యి పట్టుకుంది. తడిసి ముద్దయి ఉంది.

“ఇవాళ కూడా స్పాంజేనా?”

“స్పాంజి ముట్టుకోలేదమ్మా,” అన్నాడు బాబాయ్ బిక్కమొహంతో. “ఇది నాదే.”

ఆమె గబగబా వెళ్ళి సొరుగులోని స్పాంజి మీద అరచెయ్యి అదిమి వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

“బాబాయ్ గారి చెయ్యి తడిపేశాను, ఏమీ అనుకోకండి. తప్పు నాదే!” అంది అందరికీ వినపడేలా.

గుమస్తాలు పగలబడి నవ్వారు. ఆ నవ్వుల సందట్లో ఆమె ఆయన చెవిలో, “పెదవులకి ఒక్కటి కూడా లేదు బాబాయ్ గారూ,” అంది.

బాబాయ్ ముప్పావు గంట మాట్లాడాడు. చంకల సంగతి కూడా చెప్పాడు.