సాంచె పాట మొదటి నంబరుకెక్కిన వారం

ఆదివారం మధ్యాహ్నం కొమురవ్వ గడప దగ్గర కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది. పక్కనే మనవరాలు ఇందుజ గోడకు ఆనుకుని ఫోన్‌లో పాటలు వింటోంది. పన్నెండో తరగతి పిల్ల. ఉన్నట్టుండి కేకేసింది.

"అరె, మొన్నటిదాకా మూడో నంబర్ల ఉండె, ఈ వారం ఎనిమిదికి పడిపోయింది బాపమ్మా! కిత్నా మస్త్ పాట!"

"ఏంది పడ్డది?"

వారంలో ఎక్కువమంది విన్న పాటలకు ఒకటి నుంచి నంబర్లు వేస్తారనీ, ప్రతి వారం ఆ వరుస మారుతుందనీ ఇందుజ వివరించింది. కొమురవ్వ చీర మీది నుంచి తల ఎత్తకుండానే అంది.

"మాకు సుత ఉండె గసొంటిది. గండ్ల నా పాట ఒకటో నంబరుకు ఎక్కింది."

ఇందుజ పకపకా నవ్వింది. "నీ పాటనా? సచ్చీ బోల్, బాపమ్మా!"

"అబద్ధం జెప్పి నాకేం వస్తదే?" అని కొమురవ్వ చీర మడిచి పక్కన పెట్టింది. పని మధ్యలో ఆమె చీర పక్కన పెట్టడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. చెవుల్లోని తీగలు తీసేసి దగ్గరగా జరిగింది.

అది తొంభై నాలుగో సంవత్సరం. సిరిసిల్ల నుంచి ఈ గుజరాతీ ఊరికి వలస వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. మగడు శ్రీరాములు పాండేసరాలో ఒక కార్ఖానాలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. పన్నెండు గంటల పని. కొడుకు సాయికుమార్‌కు పదేళ్లు. వడోద్‌లో వరుసగా కట్టిన గదుల్లో ఒక గది వాళ్లది. సందు మొదట్లో పరమేశ్వర్ అనే జగిత్యాల అబ్బాయిది క్యాసెట్ల దుకాణం. ఖాళీ క్యాసెట్ తీసుకుపోతే కోరిన పాటలు నింపి ఇచ్చేవాడు. కోరిన పాటల పేర్లు చీటీ మీద రాసి ఇవ్వాలి. వారమంతా ఆ చీటీలు దాచిపెట్టి, ఏ పాటను ఎక్కువమంది అడిగారో చూసి, ఆదివారం పొద్దున్నే పది పాటల పేర్లు ఒక అట్ట మీద రాసి దుకాణం ముందు వేలాడదీసేవాడు. ఆ అట్ట కోసం జనం చాయ్ గ్లాసులతో వచ్చి నిలబడేవాళ్లు. తమ హీరో పాట కిందికి పోతే పరమేశ్వర్‌తో కొట్లాటకు దిగేవాళ్లు. ఎప్పుడూ అన్నీ సినిమా పాటలే.

ఆ ఏడు వినాయక చవితికి వీధి మొగదల మండపం వేశారు. మధ్యాహ్నాలు ఆడవాళ్లు చేరి పాడుకునేవాళ్లు. రెండో రోజు పరమేశ్వర్ టేప్ రికార్డర్ తెచ్చి మధ్యలో పెట్టాడు. అందరూ దేవుడి పాటలు పాడారు. కొమురవ్వ వంతు వచ్చేసరికి ఆమెకు తెలిసిన దేవుడి పాటలన్నీ అయిపోయాయి.

"ఏదన్న పాడు అక్కా, ఇంట్ల పని జేసుకుంట పాడుకునేదే పాడు," అన్నాడు పరమేశ్వర్.

తను ఎవరి ముందూ పాడని పాట ఒకటి ఉంది. శ్రీరాములు రెండు షిఫ్టులు కలిపి చేసే రోజుల్లో, వండిన అన్నం ముందు పెట్టుకుని ఎదురు చూస్తూ తనే అల్లుకున్న పాట. కళ్లు మూసుకుని పాడేసింది.

సాంచె ఆగదాయె మామో, సద్ది చల్లబడిపాయె
పొద్దు గూకిపాయె మామో, నీ అడుగు రాకపాయె
వెయ్యి గజాల గుడ్డ నేస్తివి, నాకు రవికె ముక్క లేదాయె

పాట అయ్యాక మండపంలో ఒకామె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మళ్ల పాడవ్వా," అంది ఇంకొకామె.

పరమేశ్వర్ మర్నాటి నుంచి ఆ పాటను దుకాణంలో మోగించాడు. మూడు రోజులకు పక్క సందులో కిటికీలోంచి తన గొంతు వినిపించి కొమురవ్వ బకెట్ అక్కడే వదిలేసి నిలబడిపోయింది. ఆ గొంతు తనదేనా? ఇంత సన్నగా ఉంటుందా? సిగ్గేసింది, భయమేసింది. వాటి అడుగున ఇంకేదో ఉంది. దానికి ఆమె దగ్గర పేరు లేదు.

కార్ఖానాలో మాత్రం శ్రీరాములు పరువు పోయింది. "ఏం మామో, సద్ది చల్లబడ్డదట, ఇంటికి పో!" అని తోటివాళ్లు ఏడిపించారు. "పెండ్లానికి రవికె ముక్క కొనియ్యనోనివా?" అని సేఠ్ దగ్గర లెక్కలు రాసే మునీమ్ కూడా నవ్వాడట. అతను ఇంటికొచ్చి అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు అంతే. మూడో రోజు కొమురవ్వ తట్టుకోలేకపోయింది.

"నేను తిట్టిన్నా నిన్ను? నువ్వు వస్తలేవని ఏడ్చిన. గది గూడ తప్పేనా?"

తెల్లారి పనికి పోతూ అతను ఆమె కట్టిచ్చిన సద్ది డబ్బా చేతిలో పట్టుకుని గడపలోనే కాసేపు ఆగాడు. ఏదో అనబోయి వెళ్లిపోయాడు.

నిమజ్జనం ఆదివారం వచ్చింది. పొద్దున్నే శ్రీరాములు బయటికి పోయి పది నిమిషాల్లో తిరిగి వచ్చాడు. "దా," అని ఆమె చెయ్యి పట్టుకుని సందు మొదటికి తీసుకుపోయాడు. ఇంతమందిలో అతను చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. దుకాణం ముందు జనం దారి ఇచ్చారు.

"ఏమున్నదో సదువు," అన్నాడు.

"నాకు సదువు రాదాయె గదయ్యా!"

అతను అట్ట మీది పై వరుస కింద వేలు పెట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. "ఒకటి. సాంచె ఆగదాయె. పాడినామె, కొమురవ్వ. వడోద్."

రెండో నంబర్లో ఆ ఏడు ఊరంతా ఊగిపోయిన సినిమా పాట. దాని పేరు కూడా అతనే చదివి, "ఇగో, నీ కింద," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు మగని ముఖంలో చూసిన వెలుగు ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆమె కళ్లలో ఉంది. ఆ సాయంత్రం వినాయకుడి వెంట తాపీ నది దాకా నడిచారు. లారీ మీద పెట్టిన మైకులో మధ్య మధ్య తన పాట వచ్చింది.

ఆ సంబరం మూడు రోజులు. బుధవారం నుంచి ఊళ్లో ఏదో జ్వరమని గుసగుసలు మొదలయ్యాయి. గురువారానికి ప్లేగు అన్నారు. శుక్రవారం మందుల దుకాణాల ముందు కిలోమీటరు పొడవు వరుసలు. మూతులకు రుమాళ్లు కట్టుకుని జనం స్టేషన్‌కు పరుగులు. శ్రీరాములు కొడుకును భుజాన ఎత్తుకున్నాడు, కొమురవ్వ బట్టల మూట ఎత్తుకుంది. నవజీవన్ రైల్లో నిలబడ్డ చోట నుంచి కాలు కదల్చకుండా కాజీపేట దాకా పోయారు. సందు దాటేటప్పుడు పరమేశ్వర్ దుకాణం షట్టర్ దించి ఉంది. అట్ట మాత్రం బయటే వేలాడుతోంది. తీసేంత తీరిక అతనికి దొరకలేదు.

తిరిగి వచ్చింది దీపావళి పోయాక. షట్టర్ ఎత్తుతున్న పరమేశ్వర్ ఆమెను చూడగానే అట్ట చూపించాడు. దుమ్ము పట్టి అక్షరాలు వెలిసిపోయాయి.

"అక్కా, ఏడు వారాలు నీదే ఒకటో నంబరు! ఏ సినిమా పాటకు లేదు గీ రికార్డు!"

కొమురవ్వ నవ్వలేకపోయింది. వాళ్ల వరుసలో నాలుగు గదులకు తాళాలు అలాగే ఉన్నాయి. ఆ మనుషులు మళ్లీ రానే లేదు, సొంతూళ్లోనే ఉండిపోయారు. మండపంలో ముక్కు తుడుచుకున్నామె కూడా అందులో ఒకతె. ఆ తర్వాతి ఆదివారం అట్ట మీద కొత్త సినిమా పాటలు వచ్చాయి. కొమురవ్వ పాట పదింటిలోనూ లేదు. మనసు కలుక్కుమంది, అది కాదనలేం. కానీ దారం కండెలు చుట్టుకుంటూ రెండు రోజుల్లో మరిచిపోయింది. కొన్నేళ్లకు తాపీ వరదలో పరమేశ్వర్ దుకాణంలోకి నీళ్లు వచ్చి అసలు క్యాసెట్ పోయింది. అతను ఊరి బయట కామ్‌రేజ్ వెళ్లిపోయి మొబైల్ ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు.

"మరి పాట పోయినట్టేనా?" అంది ఇందుజ. ఆ పిల్ల గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

"యాడ పోతదే? సిరిసిల్లల మా చిన్నాయిన మనుమరాలి పెండ్లికి పోతిమి గద, నువ్వు అప్పుడు కడుపుల ఉంటివి. పసుపు దంచుకుంట ఆడోళ్లు నా పాట పాడవట్టిరి. నాకు రోకలి జారిపోయె. ఎవరు కట్టిన్రవ్వా గీ పాట అని అడిగిన. ఎవరికెరుక, పాతకాలం నుంచి ఉన్నది అన్నరు."

"నువ్వు చెప్పలేదా, నాదేనని?"

"చెప్దామని నోరు తెరిసిన. అంతల వాళ్లు నేను కట్టని చరణం ఒకటి పాడిన్రు." కొమురవ్వ గొంతు తగ్గించి పాడింది.

తెగిన పోగు అతుకుతవు మామో, తెగిన ఊరు అతుకుతవా

"గది ఎవరు కట్టిన్రో. మనూరు మర్లిపోయినోళ్లే ఎవరో అయ్యుంటరు. నా చరణాల కన్న గదే మంచిగున్నది. ఇగ నాదని ఎట్లంటనే? వాళ్లతోని కలిసి పాడిన."

ఇందుజ ఫోన్ ముందుకు చాచింది. "ఇప్పుడు పాడు, బాపమ్మా. మొత్తం. నేను రికార్డ్ చేస్త."

అంతసేపూ గడపకు ఎదురుగా మంచం మీద పడుకున్న శ్రీరాములు లేచి కూర్చున్నాడు. నలభై ఏళ్లు సాంచెల మోతలో ఉండి అతని చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. కార్ఖానాలో అందరిలాగే పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటు. కొమురవ్వ పాడుతోంది, అతను ఆమె పెదాలనే చూస్తున్నాడు. పల్లవి అయింది. చరణం దగ్గర ఆమె ఆగిపోయింది. ఎంతకూ గుర్తు రావడం లేదు.

"అరవై గజాల గుడ్డ నేస్తివి," అన్నాడు శ్రీరాములు గట్టిగా.

"అరవై కాదయ్యా, వెయ్యి!" అని కొమురవ్వ చేతులు బారలు చాపి చూపించింది.

"వెయ్యి గజాలు ఎవడు నేస్తడే? ఒక్క సాంచె మీద పూట మొత్తం నేస్తే అరవై. గా పాట విన్నప్పటి సంది చెప్దామనుకుంటున్న."

"ముప్పై ఏండ్లు ఆగినవా, గీ ముచ్చట చెప్పనీకి?"

"పాట మంచిగున్నది. లెక్కనే తప్పు," అన్నాడతను.

కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇందుజ తల పట్టుకుంది. "అంతా రికార్డ్ అయింది! మీ కొట్లాట గూడ! మళ్ల మొదటి సంది పాడు, బాపమ్మా."

"ఉండనియ్యే, అట్లనే ఉండనియ్," అంటూ కొమురవ్వ మళ్లీ చీర ఒళ్లోకి లాక్కుంది. పాట మాత్రం ఆపలేదు. వెయ్యి గజాలనే పాడింది.