కొసరు పట్టీలు వేసిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తేలికైన వస్తువంటూ ఒక్కటీ ఉండేది కాదు. మాది కోరుట్లలో లారీలకు బాడీలు కట్టే షాపు. ముందు షాపు, వెనక ఇల్లు. మా తాత వయసులో ఉన్నప్పుడు తాళ్లెక్కి కల్లు గీసినవాడు. మోకాళ్లు సహకరించక చెట్టు దిగి, బాడీల పని నేర్చుకుని, చివరికి సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆయనది చెక్కపని, మా బాపుది ఇనుప పని. ఇద్దరికీ కలిపి ఒకటే నమ్మకం, బండి అన్నది గట్టిగా ఉండాలని. ఆ నమ్మకం షాపులోనే ఆగితే బాగుండేది. ఇంట్లో పీటలూ మంచాలూ కూడా లారీ చెక్కతోనే చేసేవాళ్లు. ఇల్లు ఊడ్చే రోజు ఒక్క బల్ల జరపాలన్నా మా అమ్మ నలుగురిని కేకేసేది. నాకు ఆ ఇంట్లో పెరిగినందుకు ఇప్పటికీ నడుం నొప్పే.

మా షాపుకు ఒక ఆనవాయితీ ఉండేది. ఏ బండైనా పని పూర్తయి గేటు దాటే ముందు, యజమాని అడగకపోయినా, ఒక ఇనుప పట్టీ ఊరికే బిగించి పంపేవాళ్లు. దాన్ని కొసరు పట్టీ అనేవాళ్లం. కూరగాయలామె తూకం అయ్యాక ఇంకో రెండు మిరపకాయలు వేసినట్టన్నమాట. లారీల వాళ్లకు అదంటే ఇష్టం. ఆ పట్టీయే మా షాపు పేరు నిలబెట్టిందని తాత చెప్పుకునేవాడు. కాదనను. కానీ అదే పట్టీ ఒకసారి మా మామయ్యను మళ్లీ దుబాయి విమానం ఎక్కించబోయింది.

మామయ్య అంటే మా మేనత్త భర్త. ఆయనది రుద్రంగి. పెళ్లయిన కొత్తలోనే దుబాయి పోయి, అక్కడ ఒక ధనవంతుడి ఇంట్లో కార్లు బాగుచేసే పనిలో కుదిరాడు. మా అత్త మా దగ్గరే ఉండేది. ఆయన వచ్చేవాడు, ఉన్న నాలుగు రోజులూ చుట్టాల ఇళ్లు తిరిగేవాడు, పోయేవాడు. అత్త విమానాశ్రయం దాకా కూడా పోయేది కాదు. కోరుట్ల బస్టాండులోనే మొహం తిప్పుకుని వెనక్కి వచ్చేసి, ఆ రోజంతా బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేది. రాళ్లు లేని బియ్యంలో కూడా ఏరేది.

ఆ ఏడు మామయ్య వచ్చినప్పుడు అందరిలాగా టేపురికార్డరో, దుప్పట్లో తేలేదు. బట్టల మధ్య చుట్టి ఒక కార్బురేటర్ తెచ్చాడు. ఇంజనుకు పెట్రోలు, గాలి కలిపి పంపే ముక్క అది. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ కూరలో వేయాలని అడిగింది. మామయ్య ఆలోచన వేరే. ఒక పాత కారు కొని, దాని ఇంజను విప్పి తన చేత్తో మళ్లీ కట్టి, మా షాపులో బాడీ తయారు చేయించి, చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేనంత వేగంగా పరుగెత్తించాలని. అది చూస్తే జగిత్యాల నుంచీ సిరిసిల్ల నుంచీ కార్లవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, ఇక్కడే బతకొచ్చు అని. అవతల పాత యజమాని మళ్లీ రమ్మని కబురు పెడుతూనే ఉన్నాడు. ఒక రోజు అన్నం దగ్గర అందరి ముందూ తేల్చి చెప్పాడు.

"రుద్రంగి తొవ్వల గుట్ట ఉన్నది సూడు, దాన్ని టాప్ గేరు మీదనే ఎక్కియ్యాలె. ఎక్కిందా, ఈడనే ఉంట. ఎక్కలే, పోత."

అత్త ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. అక్కడున్న మాకందరికీ ఆ కారు గుట్ట ఎక్కడమంటే ఏమిటో ఆ రోజు నుంచి తెలుసు. తెలిసి కూడా మా వాళ్లు చేసిన పని చూడండి.

మామయ్య పాత కారు ఒకటి కొని, ఇంజను పని బాగానే చేశాడు. కారును నేలకు దగ్గరగా కిందికి దించాడు, పొగ గొట్టం మార్చాడు, స్టార్టు చేస్తే మా షెడ్డు రేకులు వణికేవి. తర్వాత కారు బాడీ కోసం బాపు చేతికి వచ్చింది. తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది వేయమన్నాడు మామయ్య, పలచటిది. పలచటి రేకు అన్న మాట వింటేనే బాపు మొహం మాడిపోయింది. లారీ తలుపులకు వేసే రేకు తీసి వేశాడు. అంతటితో ఆగాడా? ముందు లావుపాటి పైపుతో ఒక గార్డు బిగించాడు, ఎద్దులు అడ్డం వస్తాయని. వెనక ఇంకొకటి, ఎవరైనా గుద్దుతారని. మామయ్య తల పట్టుకున్నాడు.

"గిదేంది బామ్మర్ది, గిది ఉరుకాలె గదా!"

"ఉరుకుతది బావా. గట్టిగుంటెనే ఉరుకుతది. గీ పైపు ఎంత బరువుంటది, ఏం కాదు."

ఆ "ఏం కాదు" మా ఇంటి జాడ్యం. తాత ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా కారు అడుగున టేకు చెక్కలు పరిచి బోల్టులు బిగించాడు. గుంతల రోడ్డు కదా, కాళ్లు కిందికి జారిపోతాయట. మా అమ్మ పైన ఇనుప క్యారియర్ పెట్టించింది, వేములవాడ పోతే సామాను ఎక్కడ పెడతామని. అత్త కూడా తక్కువ తినలేదు. వెనక సీటు సన్నగా ఉందని, కొబ్బరి పీచు కుక్కి కుక్కి, మా ఇంట్లో పరుపు కంటే లావైన సీటు కుట్టింది. చివరికి నేను కూడా, మా పాత ఎడ్ల మెడలో ఉండిన ఇత్తడి గంట తెచ్చి అద్దం కింద వేలాడదీశాను. ఎవరి కొసరు పట్టీ వాళ్లం వేశాం. పరుగుపందెం కోసం తయారైన కారు, వడ్ల బస్తాలు మోయడానికి సిద్ధంగా నిలబడింది.

గుట్ట ఎక్కిన రోజు సంగతి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. మామయ్య, బాపు ముందు కూర్చున్నారు, మేం కింద నిలబడ్డాం. కారు అరుస్తూ బయల్దేరింది, సగం దాకా అరుస్తూనే పోయింది, ఆ తర్వాత అరుపు మాత్రమే మిగిలింది. బానెట్ లోంచి ఆవిర్లు లేచాయి. ఇంతలో కిందినుంచి ఎర్రబస్సు నింపాదిగా వచ్చి, దాన్ని దాటుకుని పోయింది. బస్సు పైన కూర్చున్న మేకపిల్ల కూడా మా కారు వైపు చూసిందని మామయ్య తర్వాత చాలా రోజులు చెప్పుకుని బాధపడ్డాడు.

ఇక ఇంట్లో మొదలైంది. ఇంజనులో బలం లేదని బాపు. బలం ఉంది, మీరు దాని మీద ఇల్లు కట్టారని మామయ్య. తన చెక్కలు ఎండిన టేకు, బరువే ఉండదని తాత. క్యారియర్ సందుల్లోంచి గాలి పోయే వస్తువు, దానికేం బరువని అమ్మ. ఎవరిని అడిగినా పక్కవాళ్లది బరువు, తమది ఏం కాదు. పొద్దున ఆ పంచాయతీ, మధ్యాహ్నం ఆ పంచాయతీ. విని విని నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్క సామానూ ఎవరూ విప్పలేదు. మామయ్య మాత్రం మెల్లగా మాటలు తగ్గించి, పోస్టాఫీసుకు పోయి దుబాయికి ఫోన్ చేయాలని అనడం మొదలుపెట్టాడు.

అప్పుడు అత్త లేచింది. ఒక ఆదివారం పొద్దున అందరినీ కారులో కుక్కి గుట్ట కిందికి తీసుకుపోయింది. తనతో పాటు బోల్టులు విప్పే పానాల సంచి తెచ్చింది. దిగగానే ముందు తనే వంగి, తను కుట్టిన వెనక సీటు బోల్టులు విప్పి బయటికి లాగింది. అంత మురిపెంగా కుట్టుకున్న సీటును దుమ్ములో పడేసి మా వైపు తిరిగింది.

"అందరు ఎవలెవలిది వాళ్లు ఇప్పుండ్రి. బరువు లేదంటున్నరు గదా. నెత్తిన పెట్టుకొని గుట్టెక్కుండ్రి, సూస్త."

బాపు నవ్వి కొట్టిపారేయబోయాడు. అత్త ఆయనకు అక్క. చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన అక్క. "తమ్మీ, నవ్వకు. ఇప్పు," అంది. ఆ గొంతుకు బాపు వంగి రెండు గార్డుల బోల్టులూ విప్పాడు. తాత సణుగుతూ చెక్కలు తీశాడు. అమ్మ క్యారియర్ దింపించింది. నా గంట నా చేతికి వచ్చింది. ఇంకా ఏముందో చూద్దామని అత్త డిక్కీ తెరిచింది.

అందులో మామయ్య సూట్‌కేసు ఉంది. దుబాయి నుంచి తెచ్చినదే. విమానం వాళ్లు కట్టిన కాగితపు ముక్క ఇంకా పిడికి వేలాడుతోంది. అత్త దాన్ని ఎత్తబోయి, ఒక క్షణం ఆగింది. ఖాళీ సూట్‌కేసుకు అంత బరువు ఉండదు. తాళం వేసి ఉంది. మామయ్య అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు, చూడలేదు. నేను అత్త పక్కనే ఉన్నాను కాబట్టి ఆమె మొహం చూశాను. కోపం కాదది. ఎన్నాళ్ల నుంచో అనుమానపడుతున్నది కళ్ల ముందు కనపడితే మనిషి మొహం ఎట్లా అవుతుందో అట్లా అయింది. వచ్చిన రోజు కార్బురేటర్ బయటికి తీశాక, మామయ్య ఆ పెట్టెలోంచి బట్టలు తీయనే లేదు. ఇక్కడే ఉంటానంటూనే, పోవడానికి కావలసినవన్నీ అందులో ఉంచుకుని, కారుతో పాటే తిప్పుతున్నాడు.

అత్త ఒక గుడ్డను చుట్టకుదురుగా చుట్టి నా నెత్తిన పెట్టి, దాని మీదికి సీటు ఎత్తింది. సూట్‌కేసు తన నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.

ఆ ఊరేగింపు మీరు చూసి ఉండాల్సింది. భుజాన పైపు గార్డులతో బాపు, చెక్కలతో తాత, క్యారియర్ తలకిందులుగా మోస్తూ అమ్మ, సీటు బరువుకు మెడ వంగి, చేతిలో గంట మోగిస్తూ నేను. పదడుగులకే బాపు భుజం మార్చాడు. తాత ఆగి ఆగి, తన చెక్కలను తనే తిట్టుకున్నాడు. సగం గుట్ట కూడా ఎక్కకుండానే ఆయాసంతో ఎవరికీ మాట రాలేదు. మా వాళ్ల మధ్య అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు కింద కారు స్టార్టయింది. తేలికైన కారు గొంతు వేరుగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. టాప్ గేరులో, ఎక్కడా తడబడకుండా, మా అందరినీ దాటుకుని, మా మొహాల మీద దుమ్ము కొట్టి పైకి పోయింది. బాపు రోడ్డు పక్కన నిలబడి దాన్ని చూశాడు. తర్వాత భుజం మీది గార్డులను దించి లోయలోకి దొర్లించాడు. తన చేత్తో చేసిన ఇనుమును ఆయన పారేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మేం పైకి చేరేసరికి మామయ్య చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నాడు. "సూసిండ్రా! ఎక్కింది! ఎక్కింది!" అని అరుస్తూ మా వైపు పరుగెత్తి వచ్చి, అత్త నెత్తిన ఉన్నదేమిటో చూసి ఆగిపోయాడు. అత్త సూట్‌కేసును దించి ఆయన కాళ్ల ముందు పెట్టింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎవల కొసరు వాళ్లు తీసిండ్రు. గిది నీ కొసరు. ఇన్నేండ్ల సంది నేనొక్కదాన్నే మోస్తున్న."

మామయ్య కారు తాళాలు బాపు చేతిలో పెట్టాడు. సూట్‌కేసు ఎత్తుకున్నాడు. కారులో పెట్టమని బాపు అన్నా వినకుండా, దాన్ని మోసుకుంటూ అత్త వెనకే గుట్ట దిగాడు. ఇంటికి రాగానే అరుగు మీద కూర్చుని తాళం తీసి, చొక్కాలన్నీ ఒక్కొక్కటిగా బయట పెట్టి, ఖాళీ పెట్టెను షాపులోకి విసిరాడు. మళ్లీ దుబాయి పోలేదు. ఆ కారు చూసి కార్లవాళ్లు వచ్చారు, వస్తూనే ఉన్నారు.

ఆ సూట్‌కేసు ఇప్పటికీ షాపులో ఉంది. రేకు సరిచేసే సుత్తులు అందులో పెడతాం. షాపు ఇప్పుడు నాది. మా మనవడు పాత కారు ఒకటి తెచ్చి, వేగం వేగం అంటూ వెనక రెక్క పెడుతున్నాడు, కింద రంగుల లైట్లు పెడుతున్నాడు, డిక్కీ నిండా పాటల డబ్బాలు పెడుతున్నాడు. ఇదేమిట్రా అంటే, "ఏం కాదు నానమ్మా" అంటాడు. అదే మాట! రక్తంలో వస్తుందేమో ఆ మాట. ఆ డబ్బా నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా నడిచి రా, అప్పుడు బిగిద్దువు గాని అని చెప్పాను. వాడు నామీద అలిగి కూర్చున్నాడు. కూర్చోనీ.

కానీ నాకు ఆ రోజు నుంచి మిగిలింది కార్ల సంగతి కాదు. నన్ను సిరిసిల్లకు ఇచ్చారు. మా ఆయన పోయి, బాపుకు సుత్తి ఎత్తే బలం లేకుండా పోయాక, షాపు చూసుకుంటానని కోరుట్ల వచ్చాను. ఎన్నాళ్లుంటావని ఇరుగుపొరుగు అడిగారు. కుదిరితే ఉంటా, లేకపోతే పోతా అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. లోపలికి పోయి నా పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఆఖరి చీర దాకా తీసి దండెం మీద వేశాను. బాపు మంచంలోంచి అది చూస్తూ ఉన్నాడు. ఖాళీ పెట్టెను నేను అటక మీదికి తోసేసరికి, ఆయన అటు తిరిగి నిద్రపోయాడు.