సన్నగా పడిన పేరు

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడినప్పుడు చిన్నదే. మోసినకొద్దీ బరువెక్కింది. నా భార్యకు కూడా చెప్పలేదు.

గద్వాలలో నాకొక డీటీపీ షాపు ఉంది. వనపర్తిలో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల అక్షరాల మీద మోజు పడ్డాను. సీసం అచ్చులతో కొట్టిన ఆ అక్షరాలకు ఒక నిండుదనం ఉండేది. గీత పక్కన లావుగా దిగి, అడుగున మలుపు దగ్గర సన్నబడి, మళ్లీ లావెక్కేది. తలకట్టు కొడవలి మొనలా వాడిగా ఉండేది. వాటి ముందు కంప్యూటర్లో ఉన్నవన్నీ నాకు నీరసంగా కనిపించేవి. షాపు పెట్టాక, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, ఆ పాత పద్ధతిలో ఒక లావు ఫాంట్ నేనే గీశాను. గొప్పలు చెప్పుకోవడం కాదు, బాగా వచ్చింది. పెళ్లి పత్రికలో వధూవరుల పేర్లకు, బట్టల దుకాణం బోర్డుకు, చనిపోయినవాళ్ల ఫ్లెక్సీకి, అన్నిటికీ అవే కావాలనేవారు. లావుగా పేరు పడితే మనిషికి విలువ పెరిగినట్టు మా వైపు లెక్క. ఆ లెక్క నేర్పింది నేనేనేమో కూడా.

గట్టు మండలంలో ఒక ఊళ్లో అంగన్‌వాడీ గది కట్టారు. దానికి జాగా ఇచ్చింది జ్ఞానయ్య. వలస పనులు చేసి చేసి ఊరికి తిరిగొచ్చిన మనిషి. ఉన్న కాస్త జాగాలోంచి ముక్క ఇచ్చి, గదికి పైకప్పు పడకముందే పోయాడు. శిలాఫలకం మీద దాతల పేర్లు వేయాలని సర్పంచ్ నాకు చెప్పాడు. రాయి చెక్కేవాళ్లు నేనిచ్చిన కాగితం చూసి అలాగే చెక్కుతారు. సిమెంటు, ఇసుక ఇచ్చిన పెద్ద రైతుల పేర్లు లావుగా పెట్టాను. జ్ఞానయ్య పేరు వచ్చేసరికి నా చెయ్యి సన్న అక్షరాల మీదికి పోయింది.

ఎవరైనా చెప్పారా అలా పెట్టమని? లేదు. సర్పంచ్ ఆ మాటే ఎత్తలేదు. పేరు వినగానే ఆ మనిషిది ఊరి బయటి వాడ అని నాకు తెలిసిపోయింది. పెద్ద రైతుల పేర్ల పక్కన ఇదీ అంతే లావుగా ఉంటే ఎవరి మొహమైనా ముడుచుకుంటుందేమో, రేపు వాళ్లింటి పెళ్లి పత్రికలు వేరే షాపుకు పోతాయేమో అని, ఎవరూ అడగకముందే నేనే జాగ్రత్త పడ్డాను. భయమా అది? భయమైతే కొంచెం నయం. అలవాటేనని ఇప్పుడు అనిపిస్తుంది.

చెక్కకముందు ఒకసారి చూసుకుంటానని జ్ఞానయ్య భార్య ఎస్తేరమ్మ బస్సెక్కి వచ్చింది. రోజూ బైబిలు చదివే మనిషి. వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదువుతూ భర్త పేరు దగ్గర ఆగింది.

"అందరియి లావుగున్నయి. మా ఆయనది గిట్ల సన్నగున్నదేంది బిడ్డా?"

"జ్ఞ అనే అక్షరం గీ లావు అక్షరాలల్ల లేదు పెద్దమ్మా. కింద వత్తు ముద్దయితదని చెయ్యలే."

"లేనే లేదా?"

"లేదు."

ఆమె కాగితం తిరిగి నా ముందు పెట్టింది. "లేకుంటె నువ్వు మాత్రం ఏం జేస్తవ్ తియ్" అని, నన్నే ఓదార్చి వెళ్లిపోయింది.

అది శుద్ధ అబద్ధం. జ్ఞ ఉంది. వత్తు ముద్ద కాకుండా లోపల కాస్త తెల్లజాగా వదిలి, ముచ్చటపడి గీసుకున్నాను దాన్ని. ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక కరపత్రంలో 'విజ్ఞప్తి' అని అదే లావు అక్షరాల్లో వేశాను. వేస్తున్నప్పుడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. అయినా వేశాను.

కొన్నేళ్లకు ఎస్తేరమ్మ మళ్లీ వచ్చింది. మనవడి మొదటి పుట్టినరోజట, ఫ్లెక్సీ కావాలంది. పేరు అడిగితే రాజు అంది. తాత పేరు పెట్టుకోలేదా అని ఊరికే అడిగాను. ఎందుకు అడిగానో.

"పెడదామనే అనుకున్నం బిడ్డా. ఆ అక్షరమే లేదంటివి గద నువ్వు. రేపు పిల్లగాడు పెద్దగయినంక ఈని పేరు గూడ ఏడ రాసినా సన్నగనే రాస్తరని వద్దనుకున్నం."

ఆమె మొహంలో నిష్ఠూరం లేదు. ఉన్న మాట చెప్పింది, అంతే. ఈ మధ్యే ఆ అక్షరం కొత్తగా చేశానని ఇంకో అబద్ధం ఆడి సర్దుకుందామా అనిపించింది. కానీ అప్పటికే ఆధార్‌లో రాజు అని ఎక్కిందట. రాజు అని ఎంత లావుగా వస్తే అంత లావుగా కొట్టి ఇచ్చాను. ఆమె సంబరపడి, చల్లగుండమని దీవించి పోయింది. ఆ దీవెన తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఒక ఇంట్లో తాత పేరు మనవడికి రాకుండా చేసింది నేను. పోయిన మనిషిని రెండోసారి పోగొట్టాను. గట్టు బస్సు ఎక్కి ఆమె ముందు నిలబడి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. పోలేదు. ఇప్పుడు మీకు చెప్పాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అది మాత్రం నిజం. మిమ్మల్ని క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు.