నేను ఇవ్వని దరఖాస్తు

మా బాపు ఢిల్లీలో పెద్ద నాయకుడు. మా ఊరు ఆర్మూర్‌లో ఆయన దొరికేది తక్కువ కాబట్టి జనం నన్ను పట్టుకునేవాళ్ళు. స్కూలు గేటు దగ్గర, కిరాణా కొట్టులో, ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చున్నప్పుడు కూడా ఎవరో ఒకరు దరఖాస్తు చేతిలో పెట్టేవారు. తీసుకెళ్ళి అమ్మకిచ్చేదాన్ని. పన్నెండేళ్ళకే నేనూ ఒక నాయకురాలినని తెగ మురిసిపోయాను, నిజం చెప్పాలంటే.

ఒకరోజు మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే ఒకామె స్కూలు గేటు దగ్గర నన్ను ఆపింది. వేల్పూర్ నుంచి రోజూ కూలికి వచ్చేది. "నా బిడ్డ గురుకులం పరీక్ష రాసింది. సీటొచ్చేటట్టు సారుకు జర చెప్పు బిడ్డా," అని కాగితం ఇచ్చింది. మడత మీద ఆమె వేళ్ళ పసుపు అంటుకుంది. సాంఘిక శాస్త్రం పుస్తకంలో పెట్టుకున్నాను. అంతే, మర్చిపోయాను.

వానలు పడ్డాక ఆమె సంచి నిండా మక్క కంకులతో మా ఇంటికొచ్చింది. "సీటొచ్చింది బిడ్డా! అంతా నీ పుణ్యమే," అంటూ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అమ్మ గర్వంగా నా వైపు చూసింది. నేను సంచి అందుకుని లోపల పెట్టాను. ఆమె వెళ్ళాక పాత పుస్తకాల కట్ట విప్పి చూస్తే కాగితం పెట్టినచోటే ఉంది.

బాపుకు ఫోన్లో చెప్పి ఏడ్చాను. ఆయన నవ్వాడు. "పనైంది గదా, ఊకో బిడ్డా. నాకు పడే దండలల్ల సగం గిసొంటియే." ఆ నవ్వు మీద కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బతుకమ్మ సెలవులకు ఆమె కూతురు ఇంటికొచ్చిందని తెలిసి, కాగితం తీసుకుని వేల్పూర్ వెళ్ళాను. ఆ పిల్ల నాకంటే రెండేళ్ళు చిన్నది. వాకిట్లో తంగేడు పూలు ముందేసుకుని కూర్చుంది. "గీ అక్క చెయ్యవట్టే నీకు సీటొచ్చింది, కాళ్ళు మొక్కు," అంది తల్లి. ఆ పిల్ల నిజంగానే వంగబోయింది. నేను వెనక్కి గెంతి, కాగితం చూపించి, ఉన్నదంతా చెప్పేశాను. తిడితే పడదామనే వెళ్ళాను.

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"అంటే సారుకు ఎరుకనే లేదా?"

"లేదు."

"ఎవ్వలు చెప్పకుండనే వచ్చిందా?"

తలూపాను. ఆమె ముఖం మెల్లగా విప్పారింది. కూతురి గడ్డం పట్టుకుని, "ఇన్నవా? గా సీటు నువ్వు రాసి తెచ్చుకున్నదేనట!" అని గట్టిగా అరిచింది. పక్కింటామెను పిలిచి మళ్ళీ చెప్పింది. ఇక నేనక్కడ ఉన్నానన్న సంగతే తల్లీకూతుళ్ళు మర్చిపోయారు.

నా మనసు తేలికపడింది. ఆ వెంటనే ఆ పిల్లను చూసి కుళ్ళుకున్నాను కూడా. ఆ ఏడే నాకు వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చింది. తర్వాత కాలేజీలో సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది. అమ్మ ప్రతిసారీ నా గడ్డం పట్టుకుని "నీ కష్టమే బిడ్డా" అనేది. నా కష్టమో, బాపు పేరో అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు.