అవ్వ పాటలు, పాస్టరమ్మ పుస్తకం

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా ఇంట్లో పెళ్లి కుదిరితే, పసుపు దంచే రోజున అవ్వ పాట ఎత్తుకోనిదే ఎవరూ రోకలి పట్టేవాళ్లు కాదు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, చదువుకున్న మనిషి కాదు. పాటలన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. ఆమె పోయిన మరుసటి ఏడు మా చిన్నత్తకు పెళ్లి కుదిరింది. ఆ పాటల్ని ఎవరూ ఒకచోట చేర్చిపెట్టుకోలేదని అప్పుడు గానీ మాకు తెలిసిరాలేదు.

హిందూపురం నుంచి పెద్దత్త, పెనుకొండ నుంచి నడిపత్త ముందుగానే దిగారు. ఇద్దరిదీ మంచి గొంతు. పంతం అంతకంటే గట్టిది. పసుపు దంచే ముందురోజు పెద్దత్త ఒక పాట ఎత్తుకుంది. సగం తెలుగు, సగం కన్నడం. అంత తీయటి పాట నేను అంతవరకు వినలేదు. నడిపత్త దాన్ని మధ్యలోనే ఆపేసింది.

"ఇది మాయమ్మ పాట కాదు. నీ అత్తగారింటి పాట. మాయమ్మకు కన్నడం యాడొచ్చు?"

"అమ్మ పాడంగా ఇన్న్యానంటే నమ్మవు. ఇంక ఈడ నాకేం పని? పొద్దున బస్సుకు పోతా," అని పెద్దత్త సంచి సర్దడం మొదలుపెట్టింది. మగ్గం గుంతలో కూర్చున్న మా నాయన తల కూడా ఎత్తలేదు. అక్కచెల్లెళ్ల మధ్య దూరితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. పెళ్లికూతురు మాత్రం తలుపు చాటున నిలబడి ఏడుస్తోంది. తల్లి లేని పెళ్లి ఎలాగూ అయింది, తల్లిలాంటి అక్క కూడా లేకుండా పోతుందేమోనని ఆమె దిగులు.

అరుపులు విని పక్కింటి పాస్టరమ్మ వచ్చింది. ఆమె చర్చి పాస్టరుగారి భార్య. దేవుళ్లు వేరైనా మా అవ్వకూ ఆమెకూ మధ్య గోడ మీదుగా కూర గిన్నెలు నడిచేవి. వచ్చి ఎవరినీ మందలించలేదు. చాట దగ్గరికి లాక్కుని, పసుపు కొమ్ములు ఏరుతూ, "మా బైబిలు అట్టతో సహా పైనుంచి ఊడిపడిందనుకుంటాండారా?" అంది. నేనైతే అలాగే అనుకునేదాన్ని.

యేసును కళ్లారా చూసినవాళ్లు ఉన్నంతకాలం వాళ్ల నోటిమాటే చాలిందట. తర్వాత వాళ్లు చెప్పిన కథలూ, రాసిన ఉత్తరాలూ చేతిరాత నకళ్లుగా ఊరూరా తిరిగాయి. ఒక ఊళ్లో ఉన్న ఉత్తరం ఇంకో ఊళ్లో ఉండేది కాదు. పెద్దవాళ్ల పేర్లు తగిలించుకుని కొత్తగా పుట్టుకొచ్చినవీ ఉన్నాయి. ఏవి నిలుపుకోవాలన్నది ఒక్కరి హుకుంతో ఒక్కరోజులో తేలలేదు, కొన్ని తరాలు పట్టింది. ఇది చూసినవాళ్ల నుంచి వచ్చిందా, ముందునుంచీ మనం నమ్ముకున్నదానితో పొసగుతుందా, నలుగురూ కూడినచోట అన్ని ఊళ్లలో చదువుతున్నారా అని అడుగుతూ పోయారట. "ఇప్పటికీ అన్ని చర్చిల లెక్క ఒకటే అని చెప్పను పాపా," అని నవ్వింది కూడా. తన పుస్తకం గురించి అంత నిబ్బరంగా మాట్లాడే మనిషిని చూసి నాకు భలే ముచ్చటేసింది.

తర్వాత ఒక ఉపాయం చేసింది. పెద్దత్తను వంటింట్లో, నడిపత్తను మగ్గం పక్కన కూర్చోబెట్టి, ఒకరిది ఒకరికి వినపడకుండా పాడమంది. నన్ను వెంటేసుకుని రెండుచోట్లా విన్నది. చాలా పాటలు అచ్చు ఒకేలా వచ్చాయి. అప్పగింతల పాట ఇద్దరి నోటా రెండు రకాలుగా వచ్చింది. కలిపి ఒకటి చేద్దామని మా అమ్మ అంటే పాస్టరమ్మ ఒప్పుకోలేదు. యేసు కథను నలుగురు నాలుగు విధాలుగా చెప్తే అలా కలపాలని చూసినవాళ్లు అప్పుడూ ఉన్నారట, చివరికి నాలుగూ వేటికవే నిలిచాయట. నడిపత్త పాడిన వియ్యపురాలి ఎగతాళి పాట పెద్దత్తకు తెలియనే తెలియదు. గట్టిగా అడిగితే, అది పెనుకొండలో నాటకాలవాళ్ల దగ్గర నేర్చుకున్నదని నడిపత్తే నవ్వుతూ ఒప్పుకుంది. మంచిదే, ఇంట్లో పాడుకోండి, రోలు దగ్గర వద్దంది పాస్టరమ్మ. వాళ్లకూ అలాంటివి ఉన్నాయట, చదివితే మేలే గానీ బైబిల్లో చేరనివి.

ఇక మిగిలింది కన్నడం పాట. పెద్దత్తకు తప్ప ఎవరికీ రాదు. ఆ లెక్కన పక్కన పెట్టాల్సిందే అని నడిపత్త. పాస్టరమ్మ మాత్రం తొందరపడొద్దంది. వాళ్ల ఉత్తరాల్లోనూ కొన్నింటిని ఒకచోట చదువుతుంటే ఇంకోచోట అనుమానించారట. అవి చాలాకాలం గడపలోనే నిలబడి, చివరికి లోపలికొచ్చాయట. "మీ కంటే ముందునుంచి మీ అమ్మ పాటలు ఇన్నోళ్లు ఎవరన్నా ఉండారా?" అని అడిగింది. ఉంది, తాడిమర్రిలో అవ్వ చెల్లెలు. ఆమె మర్నాడు పసుపు దంచడానికి రావాల్సిందే. పెద్దత్త ఆ పొద్దుటి బస్సు ఎక్కలేదు. సంచి మాత్రం విప్పలేదు.

చిన్నవ్వ వచ్చి కాళ్లు కడుక్కుని రోలు దగ్గర చతికిలబడింది. పాస్టరమ్మ అందర్నీ నోరు మెదపొద్దని ముందే కట్టడి చేసింది. మొదటి దెబ్బ పడగానే చిన్నవ్వ ఎవరూ అడక్కుండానే ఎత్తుకుంది. అదే పాట! పెద్దత్త చేతిలో రోకలి ఆగిపోయింది.

"మాయమ్మ మడకశిర పక్క, కన్నడం మాట్లాడే ఊరి పిల్ల. ఆమె పాట ఇది," అంది చిన్నవ్వ. "పెద్దదాన్ని ఊయల్లో ఏసి అక్క ఇదే పాడతాండె. మాయమ్మ పోయినంక మళ్లా నోట పలకలా. పలికితే ఏడుపొస్తుందని."

నడిపత్త పుట్టేసరికి ఆ పాట ఇంట్లో ఆగిపోయింది. ఆమె అబద్ధమాడలేదు, పెద్దత్తా ఆడలేదు. నడిపత్త లేచి వెళ్లి అక్క సంచి విప్పి, చీరలు తీసి దండెం మీద వేసింది. "నాకూ నేర్పు," అంది.

ఇప్పుడు మా ఇళ్లలో పసుపు దంచితే పాట నేనే ఎత్తాలి. ఎవరైనా ఇది మనది కాదని తోసెయ్యబోతే, ఎవరి దగ్గర విన్నారో అడిగి, ఇంకొకరు వచ్చేదాకా ఆగుతాను. నాకు తెలిసిన పాటలన్నిటిలో ఆ కన్నడం పాటంటేనే ప్రాణం. దాన్ని నాకు నేర్పింది పెద్దత్త కాదు, నడిపత్త.