సొరబుర్ర మీద నేను పెట్టిన ఫిర్యాదు

ఒక్క గుక్క నీళ్లతో ప్రిన్సిపాల్ చొక్కానూ, తన పరువునూ, భద్రాచలం అవతల ఉన్న ఓ ఆడమనిషి దుకాణాన్నీ ఒకేసారి ముంచడం ఎవరివల్లనైనా అవుతుందా? మీకు అనుమానంగా ఉంటే నన్నడగండి. నేను ముంచాను. చదువుకున్నవాణ్ననే ధీమాతో మరీ ముంచాను.

నాలుగేళ్ల కిందటి మాట. ఖమ్మంలో ఓ కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. ఆ ఎండాకాలం మా స్టాఫ్ రూములో నీళ్ల సీసాల పోటీ మొదలైంది. ఒకాయన రాగి సీసా తెచ్చాడు. ఒకావిడ తెచ్చిన సీసా, పొద్దున పోసిన చల్లదనాన్ని మర్నాటిదాకా దాస్తుందట. నేను ఊరుకుంటానా?

"గివన్నీ ఏం సీసాలు? మా తాత సొరబుర్రల నీళ్లు తాగితే తెలుస్తది మీకు. అడవి బిడ్డను నేను!" అన్నాను.

మా తాతది భద్రాచలం దగ్గర అడవి అంచు పల్లె. ఎండిన సొరకాయలో గుజ్జు తీసి చేసిన బుర్రలో నీళ్లు పోసుకుని చేనుకు పోయేవాడు. సెలవులకు పోయినప్పుడు నేనూ అందులోనే తాగేవాణ్ని. ఇక అడవి బిడ్డ సంగతంటారా, నేను అడవిలో ఉన్నదంతా కలిపితే ఓ పది వేసవి సెలవులు. అందులో సగం పురుగూ పుట్రా భయంతో మంచం దిగలేదు. తాత బుర్ర నాకంటే వయసులో పెద్దది. దాన్ని కొత్తగా ఉన్నప్పుడు నేను చూడనే లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఫోన్లో ఒక అమ్మకాల యాప్‌లో వెతికితే సొరబుర్ర దొరికింది. అమ్మే ఆమె పేరు రాజమ్మ. తన పెరట్లో కాయించి, తనే ఎండబెట్టి అమ్ముతుందట. ఆర్డరు పెట్టి, పార్సిల్ కాలేజీకే తెప్పించాను. నలుగురూ చూడాలి కదా మరి!

ప్రిన్సిపాల్ సారును కూడా పిలిచి, ఆయన ఎదుటే పెట్టె విప్పాను. బుర్ర మూతిలో కాగితం ఉండ ఒకటి కుక్కి ఉంది. దాన్ని పీకి బల్ల మీద పడేసి, నీళ్లు పోసి, తాత లాగే తల వెనక్కి వంచి నోరారా తాగాను.

చేదు! అమ్మమ్మ పోసిన వేపాకు కషాయం దీని ముందు పాయసం. చెవులు గుయ్యిమన్నాయి, కళ్లు తిరిగాయి. నోట్లో ఉన్నదంతా బయటికొచ్చింది. ఎదురుగా ఉన్నది ప్రిన్సిపాల్ సారు, ఒంటి మీద తెల్ల చొక్కా.

"ఏందయ్యా గిది?" అన్నాడాయన చేతులు చాపి.

"విషం సార్! విషం!"

"విషమైతే నా మీద ఉమ్ముతవా?"

గాభరాలో ఆ కాగితం ఉండ విప్పి చొక్కా తుడిచాను. తర్వాత బుర్రనూ, తడిసిన కాగితాన్నీ బల్ల మీద పరిచి సాక్ష్యంగా ఫోటో తీశాను. యాప్‌లో ఫిర్యాదు రాశాను. ఏం రాశాననుకుంటున్నారు? 'విషపూరిత పాత్ర. ప్రాణాపాయం. ఇట్టి అమ్మకందారుపై కఠిన చర్య గైకొనవలెను.' చివర కెమిస్ట్రీ అధ్యాపకుడినని కూడా చేర్చాను.

జవాబివ్వడానికి రాజమ్మకు ఒక రోజు గడువిచ్చారు. ఆమె నుంచి ఉలుకూ పలుకూ లేదు. నా డబ్బు నాకొచ్చేసింది.

"చూసినవా? తప్పు చేసింది కాబట్టే నోరు మెదపలేదు," అన్నాను మా ఆవిడ సుజాతతో, మిరపకాయ బజ్జీలు తెప్పించి మరీ.

ఆ మర్నాడు ఫోనొచ్చింది.

"సారూ, నేను రాజమ్మను. పార్సిల్ మీద నీ నంబరుంటే చేస్తున్న. మా ఊళ్లె సిగ్నల్ రావాల్నంటే గుట్టెక్కాలె. మోకాళ్ల నొప్పులతోటి రెండు రోజులు ఎక్కలేకపోయిన. ఏమైంది సారూ బుర్రకు?"

"ఏమైందా? చేదమ్మా! కటిక చేదు!"

"కొత్త బుర్ర చేదు గాక ఏముంటది సారూ? ఏడు రోజులు నీళ్లు పోసి పారబొయ్యాలె. గప్పుడు దిగుతది చేదు. కాగితం మీద రాసి పెట్టిన గదా!"

"కాగితమా? నాకే కాగితమూ రాలేదు. ఫోటోలున్నయి నా దగ్గర!"

గుట్ట మీది గాలి హోరులోంచే ఆమె మాట వినిపించింది.

"నీ మాటనే నమ్మిండ్రు సారూ. నా దుకాణం బంద్ పెట్టిండ్రు. ముప్పై బుర్రలు ఆర్డరొచ్చినయ్, అన్నీ కట్టి పెట్టిన. ఎండలు పోయినంక ఎవరు కొంటరు? మల్ల కాత వచ్చేదాక నాకు ఇంకో ఆధారం లేదు." ఆమె తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండేది, నేనూ నాలుగు మాటలని తప్పించుకునేవాణ్ని.

ఫోన్ పెట్టేశాక సుజాత చెయ్యి చాపింది. "ఏదీ, ఆ ఫోటో చూపియ్యి." చూపించాను. రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి, పైకి చదివింది: "మొదలు ఏడు రోజులు పొద్దున నీళ్లు పోసి మాపటికి పారబొయ్యండి. అప్పటిదాక తాగొద్దు. చేదు ఉంటది. దండాలు, రాజమ్మ."

పెన్సిల్‌తో రాసిందేమో, అంత తడిసినా ఒక్క అక్షరం చెరగలేదు.

"ఇదేంది?" అంది.

"చొక్కా తుడిచిన కాగితం," అన్నాను.

"నీ మీద నువ్వే సాక్ష్యం పంపుకున్నవ్. నీకు కాలేజీల జీతమెట్ల ఇస్తున్నరయ్యా?"

నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. సొరజాతి కాయలకు చేదెందుకొస్తుందో ఏటా పిల్లలకు చెప్పేవాణ్ని నేనే! అప్పటికప్పుడు యాప్ వాళ్లకు ఫోన్ కొట్టాను.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్," అందొక అమ్మాయి.

"అసౌకర్యం నాకు కాదమ్మా, రాజమ్మకు. తప్పు నాది. ఆమె దుకాణం తెరవండి."

"మీ డబ్బు మీకు వచ్చేసింది కదా సార్?"

"వచ్చింది. అదే తప్పు!"

"మీ బాధ అర్థమైంది సార్. మీకు ఇంకో కూపన్ ఇస్తున్నాం."

నేను తప్పు ఒప్పుకున్నకొద్దీ నాకు బహుమతులు పెరుగుతున్నాయి. నాలుగోసారి ఫోన్ చేస్తే ఒక పెద్దాయన తగిలాడు. తప్పు ఒప్పుకుంటూ వీడియో పంపితే చూస్తామన్నాడు. ఫోటోలోని కాగితాన్ని అచ్చేయించి, చేత్తో పట్టుకుని, అక్షరం అక్షరం చదివి, "ఇంత స్పష్టంగా రాసి పంపినా చదవకుండా తాగినవాణ్ని, చదవకుండానే నింద వేసినవాణ్ని నేనే" అని చెప్పాను. వీడియో తీసింది ప్రిన్సిపాల్ సారు. ఆయన మాత్రం ఎంతో దూరంగా నిలబడి తీశాడు.

మూడో రోజు దుకాణం తెరిచారు. ముప్పై బుర్రలూ బయల్దేరాయి. రాజమ్మకు రెండింతలు పంపుతానంటే ఒప్పుకోలేదు. "నా బుర్ర ధర ఎంతనో అంతనే పంపు సారూ. ఎక్కువెందుకు? నువ్వు మంచోడివే, జర ఆగమాగం మనిషివి."

ఏడు రోజులు ఆమె చెప్పినట్టే చేశాను. ఎనిమిదో రోజు స్టాఫ్ రూములో బుర్ర ఎత్తాను. ప్రిన్సిపాల్ సారు భుజాన తువ్వాలు వేసుకుని తలుపు దగ్గర నుంచున్నాడు. తియ్యటి నీళ్లు, చల్లగా, అచ్చం తాత చేనులో తాగినట్టే. కళ్లు చెమర్చాయి. ఆయన దాన్ని అపార్థం చేసుకుని బయటికి పరిగెత్తాడు.

అందుకే ప్రిన్సిపాల్ సారు చొక్కా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ పార్సిల్ వచ్చినా అందులోని కాగితాన్ని మూడుసార్లు చదువుతాను. అమ్మినవాళ్లు గుట్టెక్కి దిగేదాకా ఆగుతాను. మందులషాపు పొట్లం కట్టిన పాత పేపరైనా సరే, చదవకుండా పారెయ్యను.

నేను ఈ మాట మరిచిపోయినా లోకం మరిచిపోనివ్వదు లెండి. రాజమ్మ ఇప్పుడు కాగితాన్ని మూతిలో పెట్టడం లేదు, బుర్రకు బయటే కడుతోంది. మొన్న నేను తెప్పించిన రెండో బుర్రకూ కట్టే ఉంది. దాని మీద పెద్దక్షరాలతో మొదటి వరుస ఇదీ: 'ముందు ఇది చదవండి. ఖమ్మం సారు లెక్క చదవకుండ తాగకండి.'